విదేశాలకు సరుకు అమ్మేవారి ఇంగ్లీషు: ఏ మాటలు, ఎక్కడ నుంచి, ఎలా నేర్చుకోవాలి

ఓడ సరుకు బీమా పత్రంలో ‘జనరల్ ఆవరేజ్’ అన్న మాట నాకు మొదటిసారి కనబడినప్పుడు దానిని ‘సాధారణ సగటు’ అని చదువుకుని, ఏదో లెక్కల వ్యవహారం కాబోలు అనుకుని తరువాతి పేజీకి వెళ్లిపోయాను. అక్కడ సగటు ప్రసక్తే లేదు. నడిసముద్రంలో ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఓడనూ మిగతా సరుకునూ కాపాడటానికి కొంత సరుకును కావాలని నీళ్లలోకి తోసివేసినా, అసాధారణమైన ఖర్చు పెట్టవలసి వచ్చినా, ఆ నష్టాన్ని ఓడ యజమానితో పాటు ఆ ఓడలో సరుకున్న వారందరూ విలువను బట్టి పంచుకోవాలన్నది దాని అర్థం. తన పెట్టెలు చెక్కుచెదరకుండా రేవు చేరినవారు కూడా వాటా కట్టవలసిందే. కడతామన్న హామీపత్రం ఇచ్చేదాకా సరుకు చేతికి రాదు. సముద్ర బీమా భాషలో ‘ఆవరేజ్’ అంటే నష్టం.

ఎగుమతి ఇంగ్లీషులో మనల్ని ముంచేవి ఇలాంటి మాటలే. ‘డెమరేజ్’ వంటి కొత్త మాట ఎదురైతే ఎవరైనా నిఘంటువు తీస్తారు, లేదా పక్కవారిని అడుగుతారు. బడిలోనే వచ్చేసిందనుకున్న మాటను ఎవరూ వెదకరు. ‘డ్రాఫ్ట్’ అంటే చిత్తుప్రతి అని తెలుసు. కానీ బ్యాంకు పత్రాలలో అది సొమ్ము చెల్లించమని రాసిచ్చే ఆదేశం, ఓడరేవులో అదే మాట ఓడ నీటిలో ఎంత లోతు దిగి ఉందో చెప్పే కొలత. ‘ఆనర్’ అంటే అక్కడ గౌరవించడం కాదు, బ్యాంకు తన మాట ప్రకారం సొమ్ము చెల్లించడం. ‘ఎట్ సైట్’ అంటే కాగితాలు చూపిన వెంటనే చెల్లింపు జరగాలని. ‘అడ్వైజ్’ అంటే సలహా ఇవ్వడం కాదు, తెలియజేయడం. బిల్ ఆఫ్ లేడింగ్ అంటే సరుకు అందుకున్నట్లు ఓడవారు ఇచ్చే పత్రం; ‘క్లీన్ బిల్ ఆఫ్ లేడింగ్’ అన్నప్పుడు కాగితం శుభ్రంగా ఉందని కాదు, సరుకులో గాని ప్యాకింగులో గాని లోపం ఉన్నట్లు ఓడవారు దానిమీద ఏమీ రాయలేదని. అందువల్ల ఈ మాటలను నేర్చుకునేవారికి మొదటి సూచన ఇది: తెలియని మాటల జాబితా ఒకటి, తెలుసుననుకున్న మాటల జాబితా మరొకటి వేరువేరుగా రాసుకోండి, రెండోదాని మీద ఎక్కువ సమయం పెట్టండి.

మాటలను ఏరుకోవలసిన చోటు

వ్యాపార ఇంగ్లీషు పేరుతో వచ్చే వెయ్యి మాటల పట్టికలను బట్టీ పట్టడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. మాట ఏ కాగితంలో, ఏ వాక్యంలో, ఎవరి మీద ఏ బాధ్యత పెడుతూ వచ్చిందో తెలియకపోతే అది వారం తిరక్కుండా మరుగున పడుతుంది. దానికి బదులు మొదటి నుంచి చివరి దాకా పూర్తయిన ఒక్క లావాదేవీ ఫైలును ముందు పెట్టుకోండి. కొనుగోలుదారు రాసిన ఎంక్వైరీ, దానికి ఇచ్చిన కొటేషన్, ప్రోఫార్మా ఇన్‌వాయిస్ (అమ్మకానికి ముందు పంపే బిల్లు నమూనా), ఆర్డరు లేదా ఒప్పందం, లెటర్ ఆఫ్ క్రెడిట్ (సరైన కాగితాలు చూపితే సొమ్ము చెల్లిస్తామని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ) ఉంటే అది, ఆ తరువాత కమర్షియల్ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్, బీమా పత్రం, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే ధ్రువపత్రం): ఇదే వరుసలో చదవండి. వ్యాపారం నడిచిన వరుసలోనే మాటలు కూడా వస్తాయి కనుక ఒకదాని వెంట ఒకటి గుర్తుంటాయి. సొంత ఫైలు ఇంకా లేనివారు రవాణా ఏజెంటును అడిగి ఖాళీ నమూనా పత్రాలు తెచ్చుకోవచ్చు. ఖాళీ పత్రాన్ని ఊహించిన సరుకుతో నింపడం చదవడం కంటే మంచి అభ్యాసం.

నోటుపుస్తకంలో మాట పక్కన తెలుగు అర్థం ఒక్కటే రాస్తే చాలదు. ఆ మాట వచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్లుగా ఎక్కించి, దాని కింద ‘దీనివల్ల ఎవరు, ఎప్పుడు, ఏమి కట్టాలి లేదా చేయాలి’ అన్న ప్రశ్నకు తెలుగులో జవాబు రాయండి. ఉదాహరణకు దిగుమతి జరిగే రేవులో సాధారణంగా ‘డెమరేజ్’ అంటే ఉచితంగా ఇచ్చిన రోజులు దాటాక కూడా నిండు కంటైనరు రేవు ఆవరణలోనే పడి ఉన్నందుకు కట్టే రుసుము. ‘డిటెన్షన్’ అంటే కంటైనరును బయటికి తీసుకువెళ్లి గడువులోగా ఖాళీ డబ్బాను తిరిగి అప్పగించనందుకు కట్టే రుసుము. నిఘంటువు రెండింటినీ ‘ఆలస్య రుసుము’ అని తేల్చేస్తుంది. ‘కంటైనరు గేటుకు లోపల ఉందా, బయట ఉందా’ అని రాసుకున్నవారికి తేడా ఎన్నటికీ మరుపు రాదు. ‘ఫ్రీ టైమ్’ అన్న చిన్న మాట కూడా ఈ రెండింటి పక్కనే చేరుతుంది; ఆ ఉచిత గడువు ఎన్ని రోజులో బుకింగ్ సమయంలోనే అడగాలని అప్పుడు తెలిసివస్తుంది.

మీ సరుకు పేరు మీకు ఇంగ్లీషులో వచ్చునా?

వింతగా తోచినా, చాలామంది ఓడ మాటలనూ బ్యాంకు మాటలనూ ముందు నేర్చుకుని, తాము రోజూ ముట్టుకునే సరుకును మాత్రం రెండు మూడు ఇంగ్లీషు మాటలతో సరిపెట్టుకుంటారు. సరుకు పేర్లకు అన్నిటికంటే నమ్మదగిన ఆధారం హెచ్‌ఎస్ (హార్మొనైజ్డ్ సిస్టమ్) కోడ్ పుస్తకం, అంటే కస్టమ్స్ కోసం ప్రతి సరుకుకూ ఒక అంకెల గుర్తు ఇచ్చే పట్టిక. బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే ఈ వర్గీకరణ 1988 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఇందులో మొదటి ఆరు అంకెలు దీనిని పాటించే దేశాలన్నిటిలో ఒక్కటే, ఆపై వచ్చే అంకెలను ఆయా దేశాలు తమ అవసరాన్ని బట్టి చేర్చుకుంటాయి. దీనిని పన్నుల పట్టికగానే చూస్తాము గాని, సరుకును తేడాలతో సహా వర్ణించే పదకోశంగా కూడా ఇది అక్కరకు వస్తుంది.

చొక్కాలు అమ్మేవారు దీనిని ఎలా వాడుకోవచ్చో చూడండి. మగవారి చొక్కా 61వ అధ్యాయంలో 6105 కిందా, 62వ అధ్యాయంలో 6205 కిందా రెండు చోట్ల కనబడుతుంది. మొదటిది ‘నిట్టెడ్ ఆర్ క్రోషేడ్’, రెండోది ‘నాట్ నిట్టెడ్ ఆర్ క్రోషేడ్’. ‘నిట్టెడ్’ అంటే దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా అల్లిన గుడ్డ. పడుగు పేకలతో నేసిన గుడ్డను వ్యాపారంలో ‘వోవెన్’ అంటారు. టీషర్టులకు 6109 అని మళ్లీ వేరే వరుస. ఈ మూడు వరుసలను చదివేసరికి ‘కాటన్ షర్ట్’ అని రాస్తే చాలదనీ, కొనుగోలుదారు దేశంలో పన్ను సైతం ఆ ఒక్క మాటను బట్టి మారవచ్చుననీ అర్థమవుతుంది. మీ సరుకు ఏదైనా సరే, దాని అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి దాకా, మొదట్లో ఉండే నోట్సుతో సహా ఒకసారి చదవండి. పొరుగు వరుసల నుంచి మీ సరుకును విడదీసే మాట ఏదో గుర్తించి, దాని కింద గీత గీయండి.

సరుకు పేరును వదులుగా వాడితే ఏమవుతుందో చెప్పే ప్రసిద్ధమైన కేసు ఒకటి న్యూయార్కు ఫెడరల్ కోర్టులో 1960లో తీర్పుకు వచ్చింది. ఒక స్విస్ కంపెనీ 1957లో ఒక అమెరికన్ కంపెనీ దగ్గర శీతలీకరించిన కోడిమాంసం కొన్నది. ఒప్పందంలో ‘చికెన్’ అని ఉంది. బరువులు కూడా రాశారు. సరుకు దిగాక చూస్తే బరువైన కోళ్లన్నీ ముదురువి, సూపులకు తప్ప పనికిరానివి. చికెన్ అంటే వేయించడానికి పనికివచ్చే లేతకోడి అని కొన్నవారు, కోడిజాతిలో ఏదైనా చికెనే అని అమ్మినవారు వాదించారు. ఇందులో భాషాభ్యాసికి ఉపయోగపడే అసలు సంగతి మరొకటి ఉంది. ఇరువైపులా నడిచిన తంతి సందేశాలు చాలావరకు జర్మన్‌లో ఉండగా, ఆ ఒక్క మాటను మాత్రం ఇంగ్లీషులోనే ఉంచామనీ, ఎందుకంటే జర్మన్‌లో కోడికి వాడే ‘హూన్’ అన్న మాట లేతదానికీ ముదురుదానికీ రెండింటికీ వర్తిస్తుందనీ, ఇంగ్లీషు మాట లేతకోడికే పరిమితమని తాము నమ్మామనీ కొన్నవారు చెప్పుకున్నారు. జడ్జి హెన్రీ ఫ్రెండ్లీ ఎదుట ఆ ఇరుకైన అర్థాన్ని వారు నిరూపించలేకపోయారు, కేసు ఓడిపోయారు. పరాయి భాష మాట మన మాట కంటే నిక్కచ్చిగా ఉంటుందన్న భ్రమ మనకూ ఉంటుంది. వర్ణనలో వయసు, రకం, గ్రేడు, ప్రాసెసింగు చేసిన తీరు, కొలత, అనుమతించే తేడా ఒక్కొక్కటీ వేరు వేరు మాటలుగా పడితేనే గాని ఆ భ్రమ తొలగదు.

మూడక్షరాల మాటలు

ఎఫ్‌ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్), సీఐఎఫ్ (కాస్ట్, ఇన్సూరెన్స్ అండ్ ఫ్రైట్) వంటివి పొట్టి పేర్లుగా కనబడతాయి గాని ఒక్కొక్కటీ ఒక పెద్ద షరతుల పత్రానికి సంతకం లాంటిది. ప్యారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి వీటిని ‘ఇన్‌కోటెర్మ్స్’ పేరుతో 1936లో మొదటిసారి వెలువరించింది. ఇప్పుడు నడుస్తున్న 2020 కూర్పులో 11 నియమాలు ఉన్నాయి. వాటిలో ఎఫ్‌ఏఎస్ (ఫ్రీ ఎలాంగ్‌సైడ్ షిప్), ఎఫ్‌ఓబీ, సీఎఫ్‌ఆర్ (కాస్ట్ అండ్ ఫ్రైట్), సీఐఎఫ్ అనే నాలుగు ఓడ రవాణాకు మాత్రమే ఉద్దేశించినవి. మిగిలిన ఏడు ఏ రవాణాకైనా పనికివస్తాయి. పదకొండింటినీ ఒకే రోజు బట్టీ పట్టనక్కరలేదు. మీరు వాడేవి రెండో మూడో తీసుకుని ఒక్కొక్కదానికీ మూడు ప్రశ్నలు వేయండి: ఖర్చు ఎక్కడి దాకా అమ్మేవారిది, నష్టభయం ఏ క్షణాన చేతులు మారుతుంది, కస్టమ్స్ పని ఎవరిది.

ఖర్చూ నష్టభయమూ ఒకే చోట చేతులు మారతాయనుకోవడం కొత్తవారి పొరపాటు. సీఐఎఫ్ పక్కన కొనుగోలుదారు రేవు పేరు ఉంటుంది. అక్కడిదాకా ఓడ కిరాయి, బీమా అమ్మేవారే కడతారు. అయినా సరుకు మొదటి రేవులో ఓడమీదికి ఎక్కిన క్షణం నుంచే నష్టభయం కొనేవారిది. దారిలో తడిస్తే బీమా కంపెనీ దగ్గరికి వెళ్లవలసింది వారే. ఆ బీమా కూడా, వేరే ఒప్పుకోలు లేకపోతే, ‘క్లాజ్ సీ’ అనే కనీస రక్షణే. సీఐపీ (క్యారేజ్ అండ్ ఇన్సూరెన్స్ పెయిడ్ టు) అయితే 2020 కూర్పు ప్రకారం విస్తృతమైన ‘క్లాజ్ ఏ’ కావాలి. రెండింటిలోనూ బీమా మొత్తం ఒప్పందం విలువలో కనీసం 110 శాతం ఉండాలి. చివరి అక్షరం ఎఫ్ బదులు పీ పడినందుకు ఇంత తేడా.

ఎఫ్‌ఓబీ గురించి మరొక్క మాట. కంటైనరు సరుకును ఓడ ఎక్కేముందే టెర్మినల్‌లో అప్పగిస్తారు కనుక అక్కడ ఎఫ్‌సీఏ (ఫ్రీ క్యారియర్) వాడమని ఆ మండలే చెబుతుంది. వ్యాపారంలో మాత్రం అలవాటు కొద్దీ ఎఫ్‌ఓబీ అనే అంటూ ఉంటారు. అమెరికాలో దేశంలోపలి లారీ రవాణాకు కూడా ఎఫ్‌ఓబీ అన్న మాటను వేరే అర్థంలో వాడతారు. అందువల్ల మూడక్షరాలు, రేవు లేదా చోటు పేరు, ఆ తరువాత ‘ఇన్‌కోటెర్మ్స్ 2020’, ఈ మూడూ కలిపి ఒకే మాటగా రాయడం, పలకడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. సరుకు యాజమాన్యం ఎప్పుడు మారుతుందో, సొమ్ము ఎప్పుడు రావాలో ఈ నియమాలు చెప్పవు; వాటిని ఒప్పందంలో వేరే రాసుకోవలసిందే.

తేదీలు, తూకాలు, ‘సుమారు’

నా లెక్కలో ఈ భాగమే అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసింది. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లకు వర్తించే యూసీపీ 600 అనే నియమావళి 2007 జులై 1 నుంచి అమలులో ఉంది. చిన్న చిన్న ఇంగ్లీషు మాటలకు అది ఖచ్చితమైన అంకెలు కట్టింది. పరిమాణం ముందు ‘అబౌట్’ అనో ‘అప్రాక్సిమేట్లీ’ అనో ఉంటే 10 శాతం వరకు ఎక్కువ తక్కువలు చెల్లుతాయి. ఫలానా తేదీన ‘ఆన్ ఆర్ అబౌట్’ షిప్‌మెంట్ అంటే ఆ తేదీకి ముందు ఐదు రోజులు, తరువాత ఐదు రోజులు, మొదటి చివరి రోజులతో కలిపి. నెల ‘బిగినింగ్’ అంటే 1 నుంచి 10, ‘మిడిల్’ అంటే 11 నుంచి 20, ‘ఎండ్’ అంటే 21 నుంచి నెలాఖరు. షిప్‌మెంట్ గడువు చెప్పేటప్పుడు ‘అన్‌టిల్’, ‘ఫ్రమ్’ అన్నవి ఆ తేదీని కలుపుకుంటాయి. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ అన్నవి కలుపుకోవు. అదే ‘ఫ్రమ్’ అన్న మాటను సొమ్ము చెల్లింపు గడువు లెక్కకు వాడినప్పుడు మాత్రం ఆ తేదీ కలవదు. ‘ప్రాంప్ట్’, ‘ఇమ్మీడియట్లీ’, ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’ అన్న మాటలను బ్యాంకు పట్టించుకోనే పట్టించుకోదు. త్వరగా పంపమని కొనుగోలుదారు ఎంత గట్టిగా రాసినా, తేదీ వేయకపోతే ఆ మాటకు విలువ లేదన్నమాట. ఈ వాక్యాలను ఒక కార్డు మీద రాసి బల్ల మీద అంటించుకున్నా తప్పులేదు, నేను అంటించుకున్నాను.

తూకంలో ‘టన్’ అన్న మాటను ఒంటరిగా వదలకూడదు. మెట్రిక్ టన్ను 1000 కిలోలు, అమెరికా షార్ట్ టన్ను 2000 పౌండ్లు అంటే సుమారు 907 కిలోలు, పాత బ్రిటిష్ లాంగ్ టన్ను 2240 పౌండ్లు అంటే సుమారు 1016 కిలోలు. ‘గ్రాస్’ అంటే లెక్కలో 144 వస్తువులు, తూకంలో ప్యాకింగుతో కలిపిన బరువు. ప్యాకింగు బరువు ఒక్కటే ‘టేర్’, అది తీసివేస్తే ‘నెట్’. ‘లాక్’, ‘క్రోర్’ అని రాస్తే చాలా దేశాల వారికి అర్థం కాదు. ‘హండ్రెడ్ థౌజండ్’, ‘టెన్ మిలియన్’ అనాలి, కామాలు కూడా మూడేసి అంకెలకు పెట్టాలి. 03/04 అన్న తేదీని కొందరు ఏప్రిల్ 3గా, కొందరు మార్చి 4గా చదువుతారు కనుక నెలను అక్షరాలలోనే రాయండి. ‘బైవీక్లీ’ అంటే వారానికి రెండుసార్లా, రెండు వారాలకొకసారా అన్నది ఇంగ్లీషు వారికే తేలలేదు; దాని జోలికి పోవద్దు.

ఒకే మనిషికి నాలుగు పేర్లు

పత్రం మారినప్పుడల్లా మీ పేరు కూడా మారుతుంది. ఒప్పందంలో మీరు ‘సెల్లర్’, బిల్ ఆఫ్ లేడింగ్‌లో ‘షిప్పర్’, లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో ‘బెనిఫిషియరీ’, చెల్లింపు డ్రాఫ్ట్ మీద ‘డ్రాయర్’. అవతలి కొనుగోలుదారు అలాగే ఒప్పందంలో ‘బయ్యర్’, లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో ‘అప్లికెంట్’, బిల్ ఆఫ్ లేడింగ్‌లో తరచు ‘నోటిఫై పార్టీ’ (సరుకు వచ్చిందని కబురు చేయవలసినవారు). ఫైలులోని ప్రతి పత్రం మీదా మీ పేరు ఏ గడిలో పడిందో వేలుపెట్టి చూసుకుంటే ఈ మాటలు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. జంటల్లో ‘-ఈ’ చివరనున్న మాట పని ఎవరి వైపుకు జరుగుతుందో వారిని చెబుతుంది: ‘కన్‌సైనర్’ పంపేవారు, ‘కన్‌సైనీ’ అందుకునేవారు, ‘పేయర్’ కట్టేవారు, ‘పేయీ’ పుచ్చుకునేవారు, ‘డ్రాయర్’ డ్రాఫ్ట్ రాసేవారు, ‘డ్రాయీ’ ఎవరిని చెల్లించమని రాశారో వారు.

ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన లెటర్ ఆఫ్ క్రెడిట్‌లోని వర్ణనకు సరిపోవాలి. అక్కడ కొనుగోలుదారు తప్పు ఇంగ్లీషు రాసి ఉన్నా సరే, ఇన్‌వాయిస్‌లో దాన్ని సొంతంగా దిద్దే ప్రయత్నం చేయకండి. దిద్దించాలంటే ముందే ‘అమెండ్‌మెంట్’ అడగాలి. బ్యాంకు చూసేది కాగితాలనే గాని సరుకును కాదు, కాగితాల మధ్య పొంతన లేకపోతే దానిని ‘డిస్క్రెపెన్సీ’ అని రాసి పక్కన పెడుతుంది. మంచి ఇంగ్లీషు రాయాలన్న తపన చేటు తెచ్చే చోటు ఇదొక్కటే కావచ్చు.

ఉత్తరాల భాష

ఉత్తరాలకు కొత్త మాటలు ఎక్కువ అక్కరలేదు. ధర చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ‘ఇండికేటివ్ ప్రైస్’ అంటే అంచనా కోసం చెప్పిన ధర, ‘ఫర్మ్ ఆఫర్’ అంటే గడువులోగా ఒప్పుకుంటే వెనక్కు తీసుకోలేని మాట, ‘సబ్జెక్ట్ టు’ అంటే ఆ తరువాత వచ్చే షరతు నెరవేరితేనే అని. ‘దిస్ ఆఫర్ ఈజ్ సబ్జెక్ట్ టు అవర్ ఫైనల్ కన్‌ఫర్మేషన్’ అన్న వాక్యాన్ని ముక్కలు చేయకుండా ఒకే తునకగా నేర్చుకోండి. మాటల కంటే ఇలాంటి తునకలే వేళకు నోటికి అందుతాయి. మనం ప్రశ్న అనే అర్థంలో ‘డౌట్’ అంటాము, చదివేవారికి అది అపనమ్మకంగా వినబడుతుంది, ‘క్వశ్చన్’ అనండి. ‘కైండ్లీ రివర్ట్’ బదులు ‘ప్లీజ్ రిప్లై బై’ అని తేదీ వేయండి.

చెవికీ నోటికీ

కాగితం మీద వచ్చిన మాట ఫోనులో తడబడుతుంది. ‘థర్టీన్’, ‘థర్టీ’ ఒకేలా వినబడతాయి కనుక సంఖ్య చెప్పాక ‘వన్ త్రీ’ అని అంకెలు విడివిడిగా మళ్లీ చెప్పడం అలవాటు చేసుకోవాలి. అక్షరాలకు విమానయానంలో 1956 నుంచి వాడుతున్న ‘ఆల్ఫా, బ్రావో, చార్లీ’ వరుస ఎక్కడైనా పనికివస్తుంది. ఇరవైయారు మాటలను రోజుకు ఐదారు చొప్పున నేర్చుకుంటే వారం పట్టదు. అభ్యాసానికి కంటైనరు నంబర్లను మించినవి లేవు. ప్రతి నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర సరిచూసుకునేందుకు ఒక అంకె ఉంటాయి. సీఎస్‌క్యూయూ 305438 3 అన్న నంబరును తీసుకుని ‘చార్లీ, సియెర్రా, క్యుబెక్, యూనిఫామ్, త్రీ జీరో ఫైవ్, ఫోర్ త్రీ ఎయిట్, చెక్ డిజిట్ త్రీ’ అని గొంతెత్తి చదవండి. ఆ తరువాత మీ ఫైలులోని నంబర్లను ఒకరు చదువుతుండగా మరొకరు చూడకుండా రాసి, చివరి అంకె దాకా సరిపోయిందో లేదో పోల్చి చూసుకోండి.